వెనక బెంచీలో కూర్చుని చూసిన కాలేజీలు

ఆ ఏడు మా చెల్లెకు డిగ్రీ కాలేజీ వెతికే పని నేనే మీదేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. దాని ఇంజనీరింగ్ ర్యాంకు తెలిసిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. డ్యూటీలో ఉంటే ఇంటి మీద ధ్యాస, ఇంట్లో ఉంటే ఫోన్ మీద ధ్యాస. కాలేజీలకు ర్యాంకులిచ్చే వెబ్‌సైట్ ఏదో ఒకటి తెరిచి, వేలితో కిందికీ పైకీ జరుపుతూ కూర్చునేదాన్ని. అమ్మ అన్నం పెట్టి పిలిస్తే పలికేదాన్ని కానీ లేచేదాన్ని కాదు.

చెల్లె నాకన్నా పదేళ్లు చిన్నది. ఇంటర్ ఒక పెద్ద కార్పొరేట్ కాలేజీలో చదివింది. తెల్లవారకముందే వెళ్లి, దీపాలు పెట్టాక వచ్చేది. చిన్నప్పుడు దాని ప్రశ్నలకు జవాబు చెప్పలేక ఇంట్లో అందరం పారిపోయేవాళ్లం. అలాంటి పిల్లకు ఆ రెండేళ్లలో మాటే కరువైంది. మార్కులు మధ్యరకంగా వచ్చాయి. ఇంజనీరింగ్ వద్దంది, బీఎస్సీలో లెక్కలు చదువుతానంది. తను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆన్‌లైన్ అడ్మిషన్లలో మేం ఆప్షన్ల పైన పెట్టుకున్న పేరున్న కాలేజీల్లో వేటిలోనూ సీటు రాలేదు. సీట్లిచ్చే ఆఖరి విడత ఒక్కటే మిగిలింది.

నాయిన గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ క్లర్కు. పాలమూరు వైపు నుంచి చిన్నతనంలోనే వచ్చి, ఆ ఆఫీసు వెనకాలే కిరాయి ఇల్లు తీసుకుని మమ్మల్ని పెంచాడు. ఆయనకు పేరంటే నమ్మకం. ఏ వస్తువైనా, ఏ మనిషైనా నలుగురికీ తెలిసిన పేరు ఉండాలి.

"పేరున్న కాలేజ్ల రానప్పుడు ఇంగ ఏదైతేంది బిడ్డా? ఏదో ఒకటి పెట్టుండ్రి. సర్టిఫికెట్ వస్తె సాలు," అన్నాడు.

"ఏదైనా సరే అక్కా," అంది చెల్లె, గోడ వైపు తిరిగి పడుకుంటూ.

నాయిన మాటకు నాకు కోపం రాలేదు. చెల్లె మాటే గుండెల్లో గుచ్చుకుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఏదైనా సరే అనడమేమిటి?

నేను చదివింది కూడా ఏ పట్టికలోనూ లేని కాలేజీలోనే. అబిడ్స్‌లో చెప్పుల దుకాణాల వెనక సందులో, ఒక గోడౌను పైన ఉండేది. అక్కడున్నన్నాళ్లూ ఎప్పుడు బయటపడదామా అనే చూశాను. బస్సులో ఎవరైనా ఏ కాలేజీ అని అడిగితే "అబిడ్స్‌ల" అని ఊరుకునేదాన్ని. అయితే అక్కడ కెమిస్ట్రీ చెప్పే మేడం ఒకామె ఉండేది. పాత హైదరాబాద్ మనిషి, సగం తెలుగు సగం ఉర్దూ మాట్లాడేది. ల్యాబులో టెస్ట్‌ట్యూబు చేతికి ఇచ్చే ముందు, "ఏమైతదో ముందు చెప్పు," అనేది. రంగు మారుతుందా, అడుగున పేరుకుంటుందా, ఏమీ కాదా, ఏదో ఒకటి చెప్పాకే ముట్టుకోవాలి. తప్పు చెబితే ఆమెకు మహా సంతోషం. "అచ్ఛా! గట్లెందుకు అనుకున్నవ్?" అంటూ స్టూలు లాక్కుని మన పక్కన కూర్చునేది. తప్పు చెప్పినందుకు తిట్టకుండా నా పక్కకొచ్చి కూర్చున్న మొదటి మనిషి ఆమె. ఇప్పుడు జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. మెషీన్ అంకె చూపించే లోపే ఎంత రావాలో మనసులో అనుకుంటాను. ఆ అలవాటు ఆమె పెట్టిందే. దాని మీదే బతుకుతున్నాను.

ఆ కాలేజీ ఇప్పుడు లేదు. పిల్లలు తగ్గిపోయి మూతపడింది. మేడం రిటైరై ఇంట్లో ఉంటోంది. ఒక ఆదివారం పొద్దున ఆమెకు ఫోన్ చేశాను.

"చెల్లెకు కాలేజ్ చూస్తున్న మేడం. ఏది మంచిదో జర చెప్పండి."

"నాకేం ఎర్క? నేను ఇంట్ల కూసున్న. నువ్వేం చూస్తున్నవ్?"

"ర్యాంకులు చూస్తున్న."

"ర్యాంకులల్ల మన కాలేజ్ ఉండెనా?"

"లేకుండె మేడం."

"మరి నాకెందుకు ఫోన్ చేసినవ్?" అని పకపకా నవ్వింది. "చూడు, బిల్డింగ్ చూడకు. క్లాస్ నడుస్తుంటే పోయి ఎనుక కూసో. సార్ ఏం చెప్తుండో గంత పట్టించుకోకు. పిల్లలు ఏం చేస్తున్నరో చూడు. ఫికర్ చెయ్యకు, దొర్కుతది."

కంపెనీలో సెలవు పెట్టాను. చెల్లెను వెంటబెట్టుకుని మొదటి రోజు పొద్దునే అబిడ్స్ చేరాను. వానలు ఇంకా పడలేదు. పెద్ద పోస్టాఫీసు దగ్గర రోడ్డు దాటేసరికే ఇద్దరికీ బట్టలు ఒంటికి అంటుకుపోయాయి. మొదటి కాలేజీలో వాచ్‌మన్ ఆపాడు. రెండో కాలేజీలో కౌంటర్ దగ్గరి అమ్మాయి రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టి, ఏసీ ఉన్న కంప్యూటర్ గది చూపించింది.

"ఒక్క క్లాసు ఎనుక కూసొని చూస్తం," అన్నాను.

"ఎవరి క్లాసు?"

"ఎవరిదైనా సరే. మ్యాథ్స్‌ది అయితే మంచిది."

ఆ అమ్మాయి లోపలికి వెళ్లి పెద్దాయన ఒకరిని పిలుచుకొచ్చింది. "గట్ల నడ్వదమ్మా. ఇది కాలేజ్, సినిమా హాలు కాదు," అన్నాడాయన. చెప్పులు కొనాలన్నా రెండు అడుగులు వేసి చూస్తాం కదా, మూడేళ్ల చదువు చూడకుండా ఎలా కొనుక్కుంటామని అడుగుదామనుకున్నాను. చెల్లె నా చున్నీ పట్టుకుని లాగింది. బయటికొచ్చేశాం.

ఆ రోజంతా అలాగే గడిచింది. మెట్లు ఎక్కడం, దిగడం. ఒకచోట క్లాసులు ఇంకా మొదలే కాలేదు. ఒకచోట క్లాసు ఉంది, సార్ రాలేదు. ఇంకోచోట గుమ్మం పక్కన నిలబడి విన్నాం. లోపల ఒకామె నోట్సు చదువుతోంది, పిల్లలు రాసుకుంటున్నారు. ఫ్యాను చప్పుడులో కామా, ఫుల్‌స్టాప్‌లు కూడా వినిపిస్తున్నాయి. చెల్లె తల దించుకుని నా వెనకే నడిచింది. ఆకలవుతోందా అంటే తల ఊపింది. పెసరట్టు తింటావా అంటే మళ్లీ తల ఊపింది. తిరిగి ఇంటికి వచ్చాక నాయిన "దొరికెనా?" అన్నాడు. నేను ముఖం కడుక్కోవడానికి వెళ్లాను.

రెండో రోజు బషీర్‌బాగ్ వైపు ఒక కాలేజీలో మమ్మల్ని లోపలికి రానిచ్చారు. పెద్ద ర్యాంకేమీ లేదు కానీ గది శుభ్రంగా ఉంది, గోడకు ప్రొజెక్టర్ ఉంది. లెక్కల సార్ కుర్రవాడు. ఎంత చక్కగా మాట్లాడాడో! ఒక లెక్క, ఒక జోకు, మళ్లీ ఒక లెక్క. బోర్డు మీద గీతలు రంగురంగుల్లో. పిల్లలు నవ్వారు, చప్పట్లు కూడా కొట్టారు. గంట ఎప్పుడైపోయిందో తెలియలేదు. నాకైతే అక్కడికక్కడే ఆ కాలేజీ పేరు ఆప్షన్లలో పెట్టేయాలనిపించింది.

మెట్లు దిగుతూ చెల్లెనడిగాను. "ఎట్లుంది?"

"మంచిగనే చెప్పిండు."

"మరి గట్ల ముఖం పెట్టినవేంది?"

తను మెట్టు మీద ఆగింది. "ఆయన చెప్పిండు, ఆళ్లు ఇన్నరు. ఒక్కరు గూడ ఏం అడగలె అక్కా. మా ఇంటర్ల గిట్లనే ఉండె. జోకులు లేకుండె, గంతే."

నాకు చిరాకొచ్చింది. ఎండలో తిరిగి తిరిగి కాళ్లు పీకుతున్నాయి. ఏదైనా సరే అన్న పిల్ల ఇప్పుడు వంకలు పెడుతోందని లోపల అనుకున్నాను. రోడ్డు మీద రెండడుగులు వేశాక, ఆ మాటలో వంక లేదని అర్థమైంది. మేడం చూడమన్నది చెల్లె చూసింది. నేను సార్‌ను చూస్తూ కూర్చున్నాను. పైగా ఎన్నో నెలల తర్వాత చెల్లె ఒకే ఊపులో అన్ని మాటలు మాట్లాడింది.

ఆ మధ్యాహ్నం నాంపల్లి వెళ్లాం. స్టేషన్ ఎదుటి లాడ్జీల వరసలో, పెట్టెలూ బ్యాగులూ అమ్మే దుకాణం పైన ఒక కాలేజీ ఉంది. కింద నుంచి చూస్తే బోర్డు కూడా సరిగా కనబడదు. ప్రిన్సిపాల్ పెద్దాయన. నేను అడిగింది విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "క్లాస్ల కూసుంటరా? ఇంతవరకు ఎవ్వరు అడగలెమ్మా," అన్నాడు. "అడ్మిషన్లు వస్తలేవు. మ్యాథ్స్‌ల గింతమందే ఉన్నరు. పోండ్రి, సెకండియర్ క్లాస్ నడుస్తుంది. సార్‌కు చెప్పి కూసోండ్రి."

గదిలో పది పదిహేను మంది ఉన్నారు. సార్ నలభైలలో ఉన్న మనిషి, సన్నటి గొంతు. మమ్మల్ని చూసి వెనక బెంచీ చూపించాడు. బోర్డు మీద సున్నా పాయింటు తొమ్మిది తొమ్మిది తొమ్మిది అని రాసి, తొమ్మిదులు ఎప్పటికీ ఆగవన్నట్టు చుక్కలు పెట్టాడు. దాని పక్కన ఒకటి వేశాడు.

"ఇవి రెండు ఒకటేనా?"

"కాదు సార్," అంది ముందు బెంచీలో అమ్మాయి. "ఒకటి కన్న జరంత తక్కువ."

"జరంత అంటే ఎంత?"

అంతే అడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అమ్మాయి జవాబు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. స్టేషన్‌లో ఏదో రైలు గురించి మైకు మూడు భాషల్లో చెప్పి ఊరుకుంది. ఈయనకు పాఠం రాదేమో, అందుకే ఇలా నిలబడ్డాడేమో అనుకున్నాను. బ్యాగు జిప్పు తీశాను, వేశాను. లేచి వెళ్లిపోదామని చెల్లె వైపు తిరిగితే, తను నన్ను చూడటం లేదు. కళ్లు బోర్డు మీద ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి.

"పాయింట్ జీరో జీరో వన్ సార్," అన్నాడు కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి.

"సరే. మూడు తొమ్మిదులకు అది కలిపితే ఒకటి అయితది. మనకు మూడే తొమ్మిదులు ఉన్నయా?"

"లేదు సార్, ఇంకా ఉన్నయ్."

"అయితే నువ్వు చెప్పిన జరంత ఎక్కువైంది గద?"

అబ్బాయి ఇంకో సున్నా పెట్టాడు. సార్ ఇంకో తొమ్మిది పెట్టాడు. ముందు బెంచీ అమ్మాయి ఇంకా చిన్న అంకె చెప్పింది. సార్ తొమ్మిదులు పెంచుకుంటూ పోయాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి అంకెలు చెప్పసాగారు. "సార్, గిట్లయితే ఎప్పటికి తెగది!" అని కిటికీ పక్కబ్బాయి కోపంగా బల్ల మీద కొట్టాడు. సార్ ఏమీ అనుకోలేదు. తెగదా, ఎందుకు తెగదో చెప్పమన్నాడు.

అప్పుడు నా పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. సగమే లేచింది. చెల్లెది.

"సార్, మేం జరంత ఎంతో చెప్పలేకపోతే... అది లేనట్టేనా? చెప్పలేకపోవుడు వేరు గద, లేకపోవుడు వేరు."

గది మొత్తం వెనక్కి తిరిగింది. ఇది మా క్లాసు కాదు, మేం చూడటానికి వచ్చినవాళ్లం. సార్ సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. చెల్లెను కాదు, బోర్డును చూశాడు.

"నీ పేరేందమ్మా?" అని అడిగి, చెల్లె చెప్పాక, బోర్డు మూలన దాని మాటలు అలాగే రాశాడు. చెప్పలేకపోవుడు వేరు, లేకపోవుడు వేరు. "గీమె అడిగింది అసలు సంగతి. మనం వాడే అంకెలల్ల గవి రెండు ఒకటే అయితయ్. ఎందుకు అయితయ్ అనేది మీరు నాకు చెప్పాలె. నేను ఇయాల చెప్ప. ఈ సెమిస్టర్ల మన పని గదే."

గంట కొట్టారు. పిల్లలు లేవలేదు. కిటికీ పక్కబ్బాయి వెనక బెంచీ దాకా వచ్చి చెల్లెతో వాదం పెట్టుకున్నాడు.

బయటికొచ్చాక చెల్లె ఆటో వద్దంది. నడుద్దామంది. అబిడ్స్ దుకాణాల వెంట నడుస్తూ తను ఒక్కతే మాట్లాడింది. చేతులు తిప్పుతూ, ఎదుటివాళ్లకు తగులుతూ, మధ్యలో ఆగి తల గోక్కుంటూ. తొమ్మిదులకు చివర ఉండదట, చివర లేనిదాని పక్కన ఖాళీ ఎలా ఉంటుందట. నాకు సగం అర్థం కాలేదు. అర్థం కాకపోయినా వినడానికి బాగుంది. ఇంటికి వచ్చాకా తను కూర్చోలేదు. వంటింట్లోకీ గుమ్మంలోకీ తిరుగుతూనే ఉంది. అమ్మ "దీనికేమైందే?" అని నన్నడిగింది.

నాయినకు కాలేజీ పేరు చెప్పాం. "గదెక్కడిది? ఎప్పుడు ఇనలె," అన్నాడు. మా పెద్దనాయినకు ఫోన్ చేసి అడిగాడు, ఆయనా వినలేదు. ఆఫీసులో ఇద్దరిని అడిగాడు. ఒకరు "అది లాడ్జి గద" అన్నారట. రెండు రోజులు ఇంట్లో అదే గొడవ.

"నాయినా, ఆ సార్ క్లాస్ల నేను మాట్లాడిన," అంది చెల్లె.

నాయిన దాని ముఖం చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సరే బిడ్డా. మరి ఆ సారు మూడేండ్లు ఆడ్నే ఉంటడా?"

ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. తెల్లారి ఒంటరిగా నాంపల్లి వెళ్లాను. సార్ కింద చాయ్ తాగుతూ కనబడ్డాడు. నాయిన అడిగిందే అడిగాను. ఆయన దాచలేదు.

"నేను గెస్ట్ ఫ్యాకల్టీనమ్మా. ఏ ఏడుకా ఏడు. సెక్షన్ నడిస్తె నేనుంట, నడవకపోతే లేదు."

"మీరు పెద్ద కాలేజ్ల ఎందుకు చెప్తలేరు సార్?"

"చెప్పిన. బషీర్‌బాగ్ దిక్కు. క్లాస్ల నూరు మంది. జరంత అంటే ఎంత అని అడిగి, నూరు మంది కోసం ఆగుతె సిలబస్ ఎట్ల అయితది? అక్కడ నేను గూడ నోట్సే చెప్పిన." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నిజం చెప్తున్న, ఇక్కడ పిల్లలు తక్కువ గనుక నాకు టైం ఉంది. రేపు పిల్లలు నిండితే ఈ క్లాస్ గూడ గట్లనే అయితదేమో. తక్కువైతే మూసేస్తరు."

తిరిగి వస్తూ ఆ మాటే నమిలాను. ఏ కొరత వల్ల ఆ గది బాగుందో ఆ కొరతే దాన్ని మింగేసేలా ఉంది. అలాంటి చోట చెల్లెను చేర్చడం ఏమిటని ఒకసారి, చేర్చకపోతే ఎలాగని ఇంకోసారి. మెట్రో మా స్టేషన్ దాటి ఇంకో రెండు స్టేషన్లు ముందుకు పోయాక కానీ దిగాలన్నది గుర్తుకు రాలేదు. చివరకు ఆప్షన్ పెట్టాం. చెల్లె చేరింది.

మొదటి ఏడాది సగం దాటాక భయపడ్డదే జరిగింది. వచ్చే ఏడు కొత్త పిల్లలు చేరకపోతే లెక్కల సెక్షన్ ఎత్తేసి, ఉన్నవాళ్లను వేరే కాలేజీకి పంపుతారని యాజమాన్యం చెప్పింది. నేను మళ్లీ ఫోన్ పట్టుకున్నాను. మళ్లీ ర్యాంకులు, మళ్లీ కిందికీ పైకీ. పేరున్న ఒక కాలేజీలో రెండో ఏడాదికి సీట్లు ఖాళీ ఉన్నాయని తెలిసింది. చెల్లెను బలవంతంగా తీసుకెళ్లాను. పెద్ద ఆవరణ, చెట్లు, అద్దాల లైబ్రరీ. లెక్కల మేడం మంచి టీచరు, ఒక్క మాట కూడా పొల్లు పోనివ్వలేదు. క్లాసు నిండా పిల్లలు. చెల్లె ఒకసారి చెయ్యెత్తింది. ముందు ఇరవై వరసల తలలు అడ్డం. మేడంకు కనబడలేదు.

గేటు బయటికి వచ్చి, "ఈమె తప్పేం లేదక్కా," అంది చెల్లె. "లైబ్రరీ గూడ మంచిగుంది. కాని నేను మా దగ్గర్నే ఉంట."

"మూసేస్తరంటున్నరు కదనే!"

"మూసెయ్యనియ్యం."

"నువ్వెవరివి మూసెయ్యనియ్యకపోడానికి?"

"నేనొక్కదాన్నే కాదు, మేం అందరం," అంది. "అక్కా, నువ్వు జర కూసో. ఎప్పుడు చూసినా లేచి నిలబడే ఉంటవ్."

ఆ ఎండాకాలం తనూ, తన క్లాసు పిల్లలూ, ఇప్పుడు ఫైనలియర్‌కు వచ్చిన ఆ కిటికీ పక్కబ్బాయీ కలిసి గౌలిగూడ నుంచి ఖైరతాబాద్ దాకా సర్కారీ జూనియర్ కాలేజీల ముందు నిలబడ్డారు. పరీక్షలు రాసి వచ్చే పిల్లలను ఆపి, "ఒక్క క్లాస్‌కు వచ్చి కూసోండ్రి, నచ్చకపోతే పోండ్రి," అని అడిగారు. చాలామంది నవ్వి వెళ్లిపోయారు. చెల్లె ముఖం ఎండకు నల్లబడింది, గొంతు బొంగురుపోయింది. ప్రిన్సిపాల్ ఒప్పుకుని శనివారాలు గది తెరిచి ఉంచాడు. మొదటి శనివారం ఒక్కరూ రాలేదు. సార్ ఖాళీ బెంచీలకు ఎదురుగా కూర్చుని పేపరు చదువుకున్నాడట. తర్వాతి వారం ఇద్దరు వచ్చారు, ఆపై ఇంకొందరు. వచ్చినవాళ్లంతా చేరలేదు. కొందరి ఇళ్లల్లో మా నాయిన అడిగినట్టే పేరు అడిగి ఉంటారు. సెక్షన్ నడపడానికి సరిపోయేంత మాత్రం చేరారు. గది నిండలేదు. సార్ కాంట్రాక్టు కాగితం మరో ఏడాదికి పొడిగించారు.

ఏటేటా అదే తంతు. ఎండలు ముదిరేసరికి నాకు నిద్ర పట్టేది కాదు. ఫోన్ మోగితే సెక్షన్ ఎత్తేశారన్న కబురే అనుకునేదాన్ని. చెల్లెకు ఆ భయం లేదని కాదు. తను దానితోపాటే చదువుకుంది. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు. పరీక్షలో కంఠతా పట్టింది రాయమంటే తనకు చేయి ఆడేది కాదు. ఎంట్రన్సులో మాత్రం కొత్త లెక్కలిచ్చారు. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆ రోజు నాయిన ఆఫీసులో స్వీట్లు పంచాడు. ఏ కాలేజీ అని ఎవరో అడిగితే పేరంతా విడదీసి, స్పెల్లింగుతో సహా చెప్పాడట.

పోయిన నెల సార్ చెల్లెకు ఫోన్ చేశాడు. యూనివర్సిటీకి వెళ్లే ముందు జూనియర్లకు ఒక క్లాసు చెప్పి పొమ్మన్నాడు. నాలుగు రోజులు తను అద్దం ముందు నిలబడి అభ్యాసం చేసింది. నేను వస్తానంటే వద్దంది.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పుల స్టాండు దగ్గరే కూర్చుండిపోయింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైంది? పిల్లలు అల్లరి చేసిన్రా?"

"లేదు. మంచిగనే కూసున్నరు. నేను ఒక ప్రశ్న అడిగి ఆగిన. ఒక్కరు గూడ మాట్లాడలె. సార్ ఎనుక బెంచ్‌ల కూసొని చూస్తుండు. పిల్లలు నన్నే చూస్తున్నరు." చున్నీతో ముఖం తుడుచుకుంది. "చెప్పేసిన అక్కా. జవాబు నేనే చెప్పేసిన. ఆగలేకపోయిన."

"మరి సార్ ఏమన్నడు?"

"ఏమనలె. బోర్డు తుడిచిండు. రేపు మల్ల రా అన్నడు."

అన్నం కూడా సరిగా తినకుండా డాబా మీదికి వెళ్లింది. కింద నుంచి తన అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది, ఈ చివర నుంచి ఆ చివరకు. ఏదో అడుగుతున్నట్టు ఒక మాట, తర్వాత చప్పుడు లేదు. మళ్లీ అదే మాట, మళ్లీ ఆగడం. నాయిన పైకి చూసి, "ఎవరితోని మాట్లాడుతుందది?" అన్నాడు.

"ఎవరితోని కాదు నాయినా. ఆగుడు నేర్చుకుంటుంది," అన్నాను.